1971ని ధర్మయుద్ధం అనాలంటే ఏ కొలత పెట్టాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

బంగ్లాదేశ్ యుద్ధం న్యాయమైనదని మనలో దాదాపు అందరం ఒప్పుకుంటాం. విశాఖ బీచ్ రోడ్డులో ఆ విజయానికి స్మారకం కూడా ఉంది. అయితే "మనం గెలిచాం", "మనవాళ్లు" అన్నవి కారణాలు కావు కదా. మనం పెట్టే కొలత ఏదైనా వేరే దేశానికి పెట్టినా అలాగే నిలబడాలి. నాకు మూడు చోట్ల చిక్కు పడుతోంది.

ఒకటి: 1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేయడంతో యుద్ధం మొదలైందని చదువుకున్నాం. కానీ నవంబర్ 21నే మన దళాలు సరిహద్దు దాటి తూర్పు పాకిస్తాన్‌లోని (ఇప్పటి బంగ్లాదేశ్) గరీబ్‌పూర్ దగ్గర పోరాడాయి. మరి ఆత్మరక్షణ అన్న మాట ఎలా నిలుస్తుంది?

రెండు: డిసెంబర్ 7న ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభలో కాల్పులు ఆపి సేనలు వెనక్కి తీసుకోవాలన్న తీర్మానానికి 104 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకంగా పడ్డవి 11. న్యాయం మన వైపే ఉంటే అన్ని దేశాలు అటెందుకు మొగ్గాయి?

మూడు: పాకిస్తాన్ రెండుగా చీలితే మనకు లాభం. లాభం ఉన్నచోట ధర్మం కూడా ఉందని ఎలా తేల్చుకోవాలి?

దేశభక్తి పక్కన పెట్టి, ఏది ముందు చూడాలో ఏది తర్వాత చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకాగితం

మూడూ అడగాల్సిన ప్రశ్నలే. వాటికి ముందు ఒక పని చేయాలి. "ఈ యుద్ధం న్యాయమా కాదా" అని ఒక్క ప్రశ్నగా అడిగితే జవాబు ఎవరి జెండాను బట్టి వారికి వస్తుంది. దాన్ని మూడుగా విడగొట్టండి. యుద్ధానికి దిగడం న్యాయమేనా? దిగాక పోరాడిన తీరు న్యాయంగా ఉందా? గెలిచాక నడుచుకున్న తీరు ఎలా ఉంది? ఒకదానికి అవునని, ఇంకోదానికి కాదని జవాబు వచ్చినా తప్పేమీ లేదు. నిజానికి చాలా యుద్ధాలకు అలాగే వస్తుంది.

మొదటి ప్రశ్నకు ఆరు పరీక్షలున్నాయి. కారణం న్యాయమైనదా, నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్లే తీసుకున్నారా, ఉద్దేశం ఆ కారణానికే కట్టుబడి ఉందా, వేరే దారులన్నీ మూసుకుపోయాయా, గెలిచే అవకాశం ఉందా, జరిగే నష్టం ఆపబోయే నష్టాన్ని మించిపోతుందా. మొదటి మూడూ 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ చెప్పినవి. మిగతావి తరవాతి కాలంలో చేరాయి. ఆరింటిలో ఒకటి బాగా నెగ్గిందని ఇంకోదాన్ని వదిలేయడానికి లేదు. ఇవి మార్కులు కలిపి పాసు చేసే పరీక్షలు కావు, ప్రతిదీ విడిగా నెగ్గాలి.

కారణం దగ్గర చాలామంది ఎన్నికలతో మొదలుపెడతారు. 1970 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో అక్కడి బెంగాలీల పార్టీ అవామీ లీగ్ 160 గెలిచింది. మొత్తం 300 సాధారణ స్థానాల జాతీయ సభలో అది స్పష్టమైన మెజారిటీ. మార్చి 3న సమావేశం కావలసిన సభను పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ మార్చి 1న వాయిదా వేశాడు. ఇది ఘోరమైన అన్యాయం. అయినా ఇంతవరకు పొరుగు దేశం యుద్ధానికి దిగడానికి కారణం లేదు. ఎన్నికల ఫలితాన్ని తొక్కేసిన ప్రభుత్వాలన్నిటి మీదా యుద్ధానికి వెళ్లవచ్చంటే భూమ్మీద శాంతి ఉండదు.

గీత దాటింది మార్చి 25 రాత్రి. ఢాకా విశ్వవిద్యాలయంలో జగన్నాథ్ హాల్ మీద, రాజర్‌బాగ్ పోలీసు లైన్ల మీద సైన్యం విరుచుకుపడింది. ఏప్రిల్ 6న ఢాకాలోని అమెరికా కాన్సులేట్ సిబ్బంది 20 మంది తమ సొంత ప్రభుత్వ విధానాన్ని తప్పుపడుతూ వాషింగ్టన్‌కు టెలిగ్రామ్ పంపారు. ఈ సాక్ష్యం విలువ ఎక్కువ. పాకిస్తాన్‌కు మిత్రదేశమైన అమెరికా అధికారులే, తమ ఉద్యోగాలకు ముప్పు ఉంటుందని తెలిసీ చెప్పిన మాట అది. కారణాన్ని పరీక్షించేటప్పుడు యుద్ధానికి వెళ్లదలచిన దేశం చెప్పే మాటను పక్కన పెట్టి, అబద్ధం చెబితే లాభపడగల వాళ్లు నిజం చెప్పారా అని వెతకాలి.

మృతుల సంఖ్య దగ్గర మాత్రం జాగ్రత్త. బంగ్లాదేశ్ అధికారికంగా చెప్పేది 30 లక్షలు. పాకిస్తాన్ వేసుకున్న హమూదుర్ రెహమాన్ కమిషన్ చెప్పింది 26 వేలు. పరిశోధకుల అంచనాలు ఈ రెండింటి మధ్య చాలా విస్తారంగా ఉన్నాయి. వాదనలో పెద్ద సంఖ్య పట్టుకుంటే ఎదుటివాళ్లు ఆ సంఖ్యను కొట్టేసి వాదన మొత్తం కొట్టేసినట్టు చేస్తారు. ఆ అవసరం లేదు. ఒక ప్రభుత్వం తన పౌరులను వాళ్లెవరన్నదాన్ని బట్టి ఎంచి చంపిందా, లక్షల మంది ప్రాణభయంతో దేశం వదిలారా, అది ఇంకా సాగుతోందా అన్న మూడు చాలు. మూడోదే కీలకం. ముగిసిపోయిన హత్యాకాండకు విచారణ ఉంటుంది, శిక్ష ఉంటుంది. యుద్ధం చేయాల్సి వచ్చేది సాగుతున్నదాన్ని ఆపడానికే.

ఇక "చివరి మార్గం". తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే, కాబట్టి కొంచెం నింపాదిగా చెబుతాను. మార్చి 25 నుంచి డిసెంబర్ 3 వరకు ఎనిమిది నెలలు దాటింది. "అంతకాలం ఓపిక పట్టాం" అనడం సులువు. కానీ ఆ ఆలస్యానికి సైనిక కారణాలూ ఉన్నాయి. వర్షాకాలంలో తూర్పు బెంగాల్ నదులు సముద్రాల్లా ఉంటాయి, ట్యాంకులు కదలవు. శీతాకాలంలో హిమాలయ కనుమలు మంచుతో మూసుకుపోతే చైనా అటునుంచి రావడం కష్టం. కాబట్టి ఆలస్యం జరిగిందన్నది దానంతటదే రుజువు కాదు. రెండు సంగతులు చూడాలి: ఆ వ్యవధిలో వేరే దారులు నిజంగా తట్టారా, ఏ షరతు నెరవేరితే యుద్ధం అక్కర్లేదో బహిరంగంగా చెప్పారా.

తట్టారు. మార్చి 31న పార్లమెంటు ఏకగ్రీవ తీర్మానం చేసి, ఈ హత్యాకాండను ఆపించమని ప్రపంచ దేశాలను కోరింది. జులై 20న ఐరాస ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ స్వయంగా భద్రతా మండలి అధ్యక్షుడికి పత్రం రాసి, ఇది శాంతికే ముప్పు అని హెచ్చరించాడు. మండలి కదల్లేదు. ఈ విషయం మీద అది కూర్చున్నది డిసెంబర్ 4న, అంటే యుద్ధం వచ్చాక. ఆ జులైలోనే అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్లింది పాకిస్తాన్ దారినే, కాబట్టి అమెరికా యాహ్యాను ఒత్తిడి చేసే స్థితిలో లేదు. అక్టోబర్, నవంబర్లలో ఇందిరా గాంధీ పశ్చిమ దేశాల రాజధానులు తిరిగారు. షరతు ఏమిటో అన్ని చోట్లా చెప్పారు: ఎన్నికైన ప్రతినిధులతో రాజకీయ పరిష్కారం, శరణార్థులు భయం లేకుండా ఇళ్లకు వెళ్లడం. అప్పటికే యాహ్యా చేసిన పని, అవామీ లీగ్ నేత ముజిబుర్ రెహమాన్ మీద ఆగస్టులో సైనిక కోర్టులో తలుపులు మూసి విచారణ మొదలుపెట్టడం.

రాయబారం నిజమైనదా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది. ఎదుటివాడు ఒప్పుకోగలిగిన షరతు పెట్టారా, లేక తిరస్కరిస్తాడని తెలిసి పెట్టారా? తన దేశంలో తానే జరిపిన ఎన్నికల ఫలితాన్ని గౌరవించమనడం ఏ పాలకుడైనా ఒప్పుకోగలిగిన షరతే.

పాతకాగితం

ఇంకో మాట. "శరణార్థుల భారం" అనేది లెక్కల్లో ఒక అంకెలా కనిపిస్తుంది. అది నేల మీద ఎలా ఉందో చూస్తేనే వేరే దారులు ఎక్కడిదాకా పనిచేశాయో అర్థమవుతుంది.

సంవత్సరాంతానికి దాదాపు కోటి మంది వచ్చారు. ఎక్కువ మంది పశ్చిమ బెంగాల్‌లో ఉన్నారు. త్రిపురలో పరిస్థితి ఇంకా విపరీతం: 1971 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా సుమారు 15.5 లక్షలు, వచ్చిన కాందిశీకులు సుమారు 14 లక్షలు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో దాదాపు అంతమంది చుట్టాలు ఒకేసారి దిగితే ఎలా ఉంటుందో అలా.

జూన్‌లో కలరా వచ్చింది. సరిహద్దులోని బన్‌గావ్ ఆసుపత్రిలో రోగులు నేల మీద పడి ఉన్నారు, నరాల్లోకి ఎక్కించే సెలైన్ అయిపోతోంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం అప్పుడు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా లెక్కన పొడి కలిపి, పాలిథిన్ సంచుల్లో పోసి సీలు వేసి, నీళ్లలో కలిపి తాగించమని రోగుల బంధువులకే ఇచ్చింది. శిబిరాల్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆ చికిత్సలో 3.6 శాతానికి దిగాయి. ఈ రోజు మన మందుల షాపుల్లో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌కు అంత పెద్ద ఎత్తున జరిగిన మొదటి పరీక్ష అదే.

దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, "యుద్ధం కాకుండా సహాయం చేయవచ్చు కదా" అనే వాదనకు జవాబు ఇందులోనే ఉంది. సహాయం పనిచేసింది, అద్భుతంగా పనిచేసింది. కానీ అది సరిహద్దుకు ఇటువైపు ఉన్నవాళ్లకే అందింది. అటువైపు ఊళ్లు తగలబడటాన్ని ఏ పొడీ ఆపలేదు. ఎంతమందికి నయం చేసినా మరుసటి రోజు మళ్లీ అంతమంది వచ్చారు. వేరే దారి ఫలించలేదని తేల్చాలంటే, అది మూలానికి చేరిందా లేదా అని చూడాలి.

చట్టంచదువరి

పాతకాగితం గారు నైతికత వైపు చెప్పారు. గోదారిగట్టు గారి మొదటి రెండు ప్రశ్నలు చట్టానివి కాబట్టి నేను అందుకుంటాను.

ఐరాస చార్టర్ ఆర్టికల్ 2(4) ప్రకారం ఇంకో దేశం మీద బలప్రయోగం నిషేధం. మినహాయింపులు రెండే: ఆర్టికల్ 51 కింద సాయుధ దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణ, ఏడో అధ్యాయం కింద భద్రతా మండలి అనుమతి. పొరుగు దేశంలో మారణహోమం జరుగుతోందన్న మినహాయింపు 1971లో లేదు. 2005 ప్రపంచ శిఖరాగ్ర సదస్సు పత్రంలో, 138, 139 పేరాల్లో, ప్రజలను కాపాడే బాధ్యత అని ఒప్పుకున్నారు. అప్పుడు కూడా మండలి ద్వారానే అన్నారు.

నవంబర్ 21 గురించి: దాచకూడదు. బంగ్లాదేశ్ తన సాయుధ దళాల దినోత్సవాన్ని ఇప్పటికీ నవంబర్ 21న జరుపుకుంటుంది. ఏప్రిల్ నుంచే మనం బంగ్లా తిరుగుబాటు దళమైన ముక్తి బాహినికి శిక్షణ, ఆయుధాలు ఇచ్చాం. కాబట్టి తూర్పున యుద్ధం డిసెంబర్ 3న మొదలైందనడం సరికాదు. పశ్చిమ సరిహద్దుకు, అమృత్‌సర్, పఠాన్‌కోట్, అంబాలా, ఆగ్రాల మీద జరిగిన దాడికి ఆర్టికల్ 51 పూర్తిగా వర్తిస్తుంది. తూర్పుకు అంత తేలిగ్గా వర్తించదు. చట్టం వరకే చూస్తే ఆ పన్నెండు రోజులు మనకు బలహీనమైన చోటు.

ఐరాసలో మన రాయబారి సమర్ సేన్ ప్రధానంగా వాడిన వాదన శరణార్థుల రూపంలో జరిగిన దురాక్రమణ. కోటి మందిని మా మీదికి తోసేయడం కూడా దాడే అని. వినడానికి బలంగా ఉంటుంది, నాకు మాత్రం ఇది భయపెట్టే వాదన. దీన్ని నియమంగా ఒప్పుకుంటే శరణార్థులు వచ్చిన ప్రతి దేశానికీ వాళ్లు వచ్చిన దేశం మీద దాడి చేసే హక్కు వస్తుంది. ఆశ్రయం కోరి వచ్చినవాడు ఆయుధంగా మారిపోతాడు. నైతికంగా నిలబడే కారణం హత్యాకాండను ఆపడం. మనం ముందు పెట్టిన కారణం మన మీద పడిన భారం. ఈ రెండూ ఒకటి కావు. చట్టంలో మొదటిదానికి చోటు లేదు కాబట్టి రెండోదాన్ని ముందుకు తెచ్చాం.

104 ఓట్ల గురించి: వ్యతిరేకించిన 11లో మనం, భూటాన్, క్యూబా, మంగోలియా, సోవియట్ కూటమి ఉన్నాయి. బ్రిటన్, ఫ్రాన్స్ తటస్థంగా ఉన్నాయి. అనుకూలంగా వేసిన దేశాల్లో చాలా భాగం కొత్తగా స్వతంత్రమైన ఆసియా, ఆఫ్రికా దేశాలు. నైజీరియా నుంచి విడిపోవాలని బయాఫ్రా ప్రాంతం చేసిన యుద్ధం 1970 జనవరిలోనే ముగిసింది. విడిపోతామనే ప్రాంతం తమ దేశంలోనూ ఒకటి ఉన్న ప్రతి ప్రభుత్వం "పొరుగువాడు సైన్యంతో వచ్చి విడదీయవచ్చు" అన్న నియమానికి భయపడింది. వాళ్లు ఓటేసింది హత్యలకు కాదు, సరిహద్దులకు. ఆ తీర్మానంలోనే శరణార్థులు ఇష్టపూర్వకంగా తిరిగి వెళ్లే పరిస్థితులు కల్పించాలని కూడా ఉంది. అయితే ఎవరు కల్పించాలో, ఎలా కల్పించాలో లేదు.

ఓట్ల లెక్కను నైతిక తీర్పుగా తీసుకోకండి. అలాగని విసిరి పారేయకండి. ఆ 104 దేశాల భయం నిజమైనదే.

గోదారిగట్టు

చట్టంచదువరి గారూ, అంటే చట్టవిరుద్ధమైనా న్యాయమే అంటున్నారా? ఆ మాట ఒప్పుకుంటే ఎవరైనా వాడుకోరా?

చట్టంచదువరి

వాడుకుంటారు, వాడుకున్నారు కూడా. 1999 కొసావోలో నాటో 78 రోజులు బాంబులు వేసింది, మండలి అనుమతి లేదు. తరవాత ఒక స్వతంత్ర అంతర్జాతీయ కమిషన్ అది చట్టవిరుద్ధం, అయినా సమర్థనీయం అని తేల్చింది. నాలుగేళ్లకు ఇరాక్.

అందుకే చట్టాన్ని దాటే దేశం మీద రుజువు భారం రెట్టింపు పడాలి. "మేం చట్టాన్ని పాటించాం" అనగలిగే దేశం కంటే, పాటించలేదని ఒప్పుకునే దేశం ఎక్కువ చూపించాలి, ముందే చెప్పిన షరతుకు కట్టుబడాలి, త్వరగా వెనక్కి రావాలి.

సరిహద్దురాయి

మూడో ప్రశ్నకు నేను.

లాభం ఉందంటే ఉద్దేశం చెడ్డదని కాదు. ఏ లాభమూ లేని యుద్ధానికి ఏ ప్రభుత్వమూ తన సైనికులను పంపదు, పంపకూడదు కూడా. మనసులో ఏముందో ఎవరూ చూడలేరు. చూడగలిగింది ఒక్కటే: ఆ లాభం కోసమే వచ్చి ఉంటే ఏం చేసేవాళ్లో ఊహించి, వాళ్లు చేసినదానితో పోల్చడం.

తేదీలు పెట్టి చూడండి. డిసెంబర్ 6న బంగ్లాదేశ్‌ను గుర్తించారు, అంటే ఆ నేల మనది కాదని యుద్ధం మధ్యలోనే రాసిచ్చారు. 16న ఢాకా రేస్‌కోర్సులో పాకిస్తాన్ తూర్పు దళాల అధిపతి నియాజీ, మన తూర్పు దళాల అధిపతి జగ్జీత్ సింగ్ అరోరాకు లొంగిపోయాడు. 17న పశ్చిమాన మనమే ఏకపక్షంగా కాల్పులు ఆపాం. తూర్పున ఉన్న మన సేనలకు తీరిక దొరికింది, అమెరికా నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చినా యుద్ధం ఆగలేదు, పశ్చిమాన ముందుకు వెళ్లే అవకాశం ఉంది. పాకిస్తాన్‌ను దెబ్బతీయడమే ఉద్దేశమైతే అది ఆగే చోటు కాదు. 1972 మార్చి మధ్యకల్లా మన సైన్యం బంగ్లాదేశ్ వదిలి వచ్చేసింది. మూడు నెలలు.

పక్కన వియత్నాంను పెట్టండి. 1978 డిసెంబర్ 25న పూర్తిస్థాయిలో కంబోడియాలోకి దిగి, జనవరి 7న నోమ్‌పెన్ పట్టుకుంది. పోల్ పాట్ పాలన 1971 తూర్పు పాకిస్తాన్ కంటే ఏ రకంగానూ తక్కువ దారుణం కాదు. కారణం అంతే బలమైనది, ఫలితం అంతే గొప్పది, హత్యాకాండ ఆగింది. కానీ సైన్యం 1989 దాకా ఉండిపోయింది. పదేళ్లకు పైగా. ప్రపంచం దాన్ని విముక్తిగా గుర్తుపెట్టుకోకపోవడానికి ఒక పెద్ద కారణం అదే. ఆ మధ్య ఐరాసలో కంబోడియా సీటు పోల్ పాట్ పార్టీ ఖ్మేర్ రూజ్ చేతిలోనే ఉండటం వేరే అన్యాయం, దాన్ని నేనేమీ సమర్థించను.

ఏ ప్రభుత్వమైనా యుద్ధానికి వెళ్తామంటే అడగాల్సిన ప్రశ్న: ఎప్పుడు తిరిగొస్తారు, ఏం జరిగితే తిరిగొస్తారు? తేదీ చెప్పలేకపోవచ్చు. ఏం జరిగితే అన్నది చెప్పలేకపోతే మాత్రం వాళ్లకే తెలియదన్నమాట.

కోటగుమ్మం

పోరాడిన తీరు గురించి ఎవరూ రాయలేదు. మన సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా రేడియోలో, కరపత్రాల్లో పాకిస్తాన్ సైనికులను ఉద్దేశించి, లొంగిపోతే జెనీవా ఒప్పందాల ప్రకారం చూస్తామని చెప్పాడు. ఇది దయ మాత్రమే కాదు, యుద్ధవిద్య కూడా. లొంగితే ముక్తి బాహిని చేతిలో చస్తామని భయపడే సైనికుడు చివరి తూటా దాకా పోరాడతాడు, మధ్యలో ఊరివాళ్లు చస్తారు. ప్రాణానికి హామీ ఇచ్చినప్పుడు యుద్ధం తొందరగా ముగుస్తుంది. 93 వేల మంది ఖైదీలు (అందరూ సైనికులు కారు, పౌరులూ ఉన్నారు) ప్రాణాలతో మన శిబిరాలకు చేరారంటే ఆ హామీ నిలబడింది కాబట్టే.

చెడు కూడా చెప్పాలి. గెలిచిన తర్వాత బంగ్లాదేశ్‌లో ఉర్దూ మాట్లాడే బిహారీల మీద ప్రతీకార హత్యలు జరిగాయి. వాళ్లలో కొందరు పాకిస్తాన్ సైన్యానికి తోడుపడ్డారు, కానీ చచ్చినవాళ్లందరూ వాళ్లు కారు. మన సైన్యం కొన్ని చోట్ల అడ్డుగా నిలబడింది, అన్ని చోట్లా నిలబడలేకపోయింది. ఒక జనాన్ని కాపాడటానికి వెళ్లిన సైన్యానికి, తాను గెలవడం వల్ల ప్రమాదంలో పడ్డ జనం కూడా బాధ్యతే.

ఈ మాట తెలంగాణవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం మీద జరిగిన పోలీసు చర్యను చూడండి. కారణం ఉంది: నిజాంతో చేసుకున్న యథాతథ ఒప్పందం నడుస్తుండగానే రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు, ఆగస్టు 27న భైరాన్‌పల్లి ఊచకోత జరిగింది. సైనిక చర్య సెప్టెంబర్ 13న మొదలై 17కు ముగిసింది, అంతా కలిపి ఐదు రోజులు. దిగడం అన్న పరీక్షలో అది నెగ్గుతుందనే నా అభిప్రాయం. ఆ తర్వాత? నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం నవంబర్, డిసెంబర్లలో జిల్లాలు తిరిగి, ఆ చర్య సమయంలోనూ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో, ఎక్కువగా ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం ముందుకు రాలేదు.

ఏం లోపించింది? సైన్యాన్ని ఓడించే ప్రణాళిక ఉంది, ఓడిన మరునాడు ఊరిని కాసే ప్రణాళిక లేదు. పాత పోలీసు వ్యవస్థ కూలింది, కొత్తది నిలబడలేదు, ఆ ఖాళీలో పగలు తీర్చుకున్నారు. యుద్ధం పొట్టిదైనంత మాత్రాన ఈ బాధ్యత పొట్టిది కాదు. సైన్యం ఊళ్లోకి వెళ్లే రోజునే ఏ ఊరికి ఎంతమంది కాపలా, ఆయుధాలు ఎవరి దగ్గర ఎవరు జమ చేసుకోవాలి, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి అన్నవి రాసి ఉండాలి.

గోదారిగట్టు

భైరాన్‌పల్లి, సుందర్‌లాల్ నివేదిక రెండూ ఒకే జవాబులో చదవడం ఇదే మొదటిసారి. మామూలుగా ఒకటి చెప్పేవాళ్లు రెండోది చెప్పరు. ధన్యవాదాలు.

ఇక ఒక్కటే మిగిలింది. దాడి ఇంకా జరగలేదు, జరుగుతుందని సమాచారం ఉంది. అప్పుడు ముందే కొట్టవచ్చా?

చట్టంచదువరి

దీనికి పాత ఆధారం ఒకటుంది. 1837 డిసెంబర్‌లో కెనడా నుంచి బ్రిటిష్ దళం నయాగరా నది దాటి, అమెరికా ఒడ్డున ఉన్న కారొలైన్ అనే ఆవిరి పడవకు నిప్పంటించి జలపాతం వైపు వదిలేసింది. తిరుగుబాటుదారులకు సామాను మోస్తోందని కారణం. దాని మీద నడిచిన ఉత్తరాల్లో అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ 1841లో కొలత రాశాడు. ముప్పు ఆ క్షణాన ముంచుకొచ్చి ఉండాలి, ఇంకో ఉపాయానికీ ఆలోచనకూ సమయం ఉండకూడదు, చేసింది అవసరాన్ని మించకూడదు. ఈ రోజుకీ చట్టం దాన్నే పట్టుకుని మాట్లాడుతుంది.

ఇరాక్ 2003ను దీనితో కొలవండి. ఐరాస తనిఖీదారులు 2002 నవంబర్ నుంచి అక్కడే ఉన్నారు. వాళ్ల అధిపతి హాన్స్ బ్లిక్స్ ఇంకా కొన్ని నెలలు కావాలన్నాడు. ఇంకో ఉపాయం ఉండటం అటుంచి, అది నడుస్తోంది కూడా. దాన్ని మధ్యలో ఆపించి అమెరికా, దాని మిత్రదేశాలు మార్చి 20న దాడి చేశాయి. ఉన్నాయన్న సామూహిక విధ్వంస ఆయుధాల నిల్వలు దొరకలేదు. తర్వాత మే 23న ఒక్క ఆదేశంతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. లక్షల మంది జీతం లేకుండా, తుపాకీలతో సహా వీధిలో పడ్డారు. కోటగుమ్మం గారు చెప్పిన ఖాళీ అదే, ఇంకా పెద్దది.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. శత్రువు బలపడుతున్నాడు, పదేళ్లకు ప్రమాదం అన్నది ముందే కొట్టడానికి కారణం కాదు. ఆ లెక్కన ప్రతి పొరుగువాడూ ప్రతి పొరుగువాడినీ ఇవాళే కొట్టాలి.

పాతకాగితం

అధికారం గురించి ఎవరూ అడగలేదు గానీ, మన దేశానికి సంబంధించింది కాబట్టి చెప్పి ఆపుతాను. మన రాజ్యాంగంలో యుద్ధం, శాంతి అన్నవి కేంద్ర జాబితాలో 15వ అంశం. సర్వసైన్యాధిపత్యం ఆర్టికల్ 53 ప్రకారం రాష్ట్రపతిది, ఆచరణలో మంత్రివర్గానిది. యుద్ధం ప్రకటించే ముందు పార్లమెంటు ఓటు వేయాలన్న నియమం ఎక్కడా లేదు. 1971లో మార్చి 31 తీర్మానం ఉంది కాబట్టి, అన్ని పార్టీలు దాన్ని సమర్థించాయి కాబట్టి ఈ లోటు బయటపడలేదు. నియమం ఉంటే బాగుండేదని నా గట్టి నమ్మకం. కారణం ఏమిటి, ఏ షరతు నెరవేరితే ఆగుతాం, గెలిచిన మరునాడు ఎవరు ఏం చేస్తారు అన్న మూడింటినీ సభలో నిలబడి చెప్పాల్సి వస్తే చాలా యుద్ధాలు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. 1971 ఆగేది కాదు, ఎందుకంటే మొదటి రెండూ అప్పటికే చెప్పి ఉన్నారు. మూడోది అప్పుడే అడిగి ఉంటే బిహారీల బస్తీల దగ్గర కాపలా ఎవరిదో ముందే తేలేది.